మూడో గడిలో పాథాలజీ

ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో మా తెలుగువాళ్ళకు ఎవరికైనా ఫారం నింపాల్సి వస్తే ముందు నల్లసిరా పెన్ను కొంటారు, తర్వాత ఏలియా మావయ్య ఇంటికి వెళ్తారు. పెన్ను ఆయన పెట్టిన షరతు. నీలం సిరాతో వచ్చినవాళ్ళను ఆయన తిట్టడు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, వెనక్కి పంపిస్తాడు.

ఆయన నాకు సొంత మేనమామ కాదు. మా నాన్న తిమోతి ఆయన్ని బావా అంటాడు, అమ్మ అన్నయ్యా అంటుంది, కాబట్టి నాకు మావయ్య అయ్యాడు. మా చర్చిలో చుట్టరికాలు ఇలాగే కుదురుతాయి. ఎవరికెవరు ఏమవుతారో తేల్చుకోవడం కన్నా ఏదో ఒకటి పిలిచేయడం తేలిక.

మావయ్య ముప్ఫై నాలుగేళ్ళు రైల్వేలో గుమాస్తాగా పనిచేశాడు. చివరి ఇరవై ఏళ్ళూ ఆయన చేసిన పని ఒక్కటే. సిబ్బంది పెట్టుకున్న బదిలీ దరఖాస్తులు తీసుకుని, నంబరు వేసి, ముద్ర కొట్టి పైకి పంపాలి. పైనుంచి ఆర్డరు దిగితే దానికీ నంబరు వేసి, ముద్ర కొట్టి మనిషి చేతిలో పెట్టాలి. పైకి వెళ్ళే కాగితాలూ కిందికి దిగే కాగితాలూ కొన్ని వేలు చూశాడు. మధ్యలో ఏం జరిగేదో మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఆ చూడని భాగం గురించే ఆయనకు గట్టి అభిప్రాయాలున్నాయి.

వాటిలో ముఖ్యమైనది మూడో గడి సూత్రం. బదిలీ దరఖాస్తులో మూడు ఊళ్ళు రాసేవాళ్ళు. నిజంగా కావాల్సిన ఊరిని మొదటి గడిలో రాసేవాడు అమాయకుడని మావాళ్ళ నమ్మకం. అడిగిందే తడవుగా మొదటిది ఇచ్చేస్తే ఇక ఆఫీసు పరువేముంటుంది? అందుకని మొదటి రెండు గడుల్లో ఎలాగూ రాని పెద్ద ఊళ్ళు రాయాలి. రెండు కాదన్న తృప్తితో ఆఫీసువాళ్ళు మూడోది ఇచ్చేస్తారు. నిజానికి ఆఫీసులో ఇలాంటి రూలేదీ లేదు. ఖాళీ ఎక్కడుంటే అక్కడ వేసేవాళ్ళు. పెద్ద ఊళ్ళలో ఖాళీలు తక్కువ కాబట్టి చాలామందికి మూడోదే వచ్చేది. ఇది కాసేపు ఆలోచిస్తే ఎవరికైనా తడుతుంది. కానీ ఏలియా మావయ్య వయసులో ఉన్నప్పుడు ఒడిశాలో ఒక చిన్న స్టేషన్‌లో పడి ఉండి, ఖరగ్‌పూర్‌ని మూడో గడిలో రాసి తెచ్చుకున్నాడు. ఆ పైన ముద్ర కొట్టే బల్ల దగ్గర కూర్చున్న మనిషి. ఆయన చెప్పాక ఆలోచించే ఓపిక ఎవరికుంటుంది?

డాక్టర్ల సంగతుల్లోకి ఆయన రిటైరయ్యాక వచ్చాడు. ఎంబీబీఎస్ అయినవాళ్ళు పీజీ ప్రవేశ పరీక్ష రాస్తే ర్యాంకు వస్తుంది. తర్వాత ఏ కాలేజీలో ఏ సబ్జెక్టు కావాలో వరసగా ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. మా చర్చిలో మొదట ఆ అవసరం పడింది జెఫ్రీకి. మావయ్య వాడి చేత మొదటి రెండూ గొప్పవి రాయించి, వాడికి కావాల్సిన మత్తు డాక్టరు సీటు మూడో గడిలో పెట్టించాడు. మొదటి రెండూ జెఫ్రీ ర్యాంకుకు అందేవి కావు. మూడోది వచ్చింది. అంతే, మావయ్య పేరు మారుమోగిపోయింది. నా వంతు వచ్చినప్పుడు, కలకత్తాలో ఇదే పనిగా సలహాలిచ్చేవాళ్ళున్నారనీ, ఫోనులో బోలెడు వీడియోలున్నాయనీ నేను నాన్నకు చెప్పి చూశాను.

"ఆలల్లో ఎవులైనా రైల్వేలో సేసినారా?" అని అడిగాడు నాన్న.

లేదని ఒప్పుకున్నాను.

నా ర్యాంకు ఇరవై నాలుగు వేల చిల్లర. ఆప్షన్లు పెట్టే రోజు ఊళ్ళోనే పూరీ గేట్ దగ్గర జెరాక్స్ షాపులో ముగ్గురం కూర్చున్నాం. ఇంట్లో లాప్‌టాప్ ఉంది. కానీ ఫారం అన్నది ఇంట్లో నింపేది కాదని మావయ్య అభిప్రాయం. ఆయన స్కేలు తెచ్చుకున్నాడు. ముందటేడు ఏ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో ఆ జాబితా మొత్తం షాపు నడిపే బెంగాలీ దాదా చేత అచ్చు తీయించి, ఒక్కో వరస మీదా స్కేలు జరుపుకుంటూ చదివాడు. అది పూర్తయ్యాక కళ్ళజోడు తీసి నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు సెప్పమ్మా. అసలైంది ఏటి?"

"పాథాలజీ మావయ్యా."

ఆయన నాన్న వైపు చూశాడు. నాన్న ఫ్యాను వైపు చూశాడు.

"అంటే రక్తం తీసి పరీక్ష సేస్తారు, అదేనా?"

"అదొక్కటే కాదు. ఒంట్లోంచి కోసి తీసిన ముక్కని పల్చగా తరిగి, అద్దం మీద పెట్టి, మైక్రోస్కోపులో సూసి జబ్బేటో సెప్పాల."

"మరి రోగిని ఎప్పుడు సూస్తావు?"

"సూడను."

"ఎప్పుడూనా?"

"ఇంచుమించు ఎప్పుడూ."

నాన్న ఆగలేకపోయాడు. "రోగిని సూడని డాక్టరేటి బావా? పాసింజర్లు ఎక్కని రైల్లాగ."

"గూడ్సు బండి రైలు కాదేటి తిమోతీ?" అన్నాడు మావయ్య. నాన్న మళ్ళీ ఫ్యాను వైపు చూశాడు.

నాకు పాథాలజీ ఇష్టం. ఇందులో దాచుకోవడానికేమీ లేదు. హౌస్‌సర్జన్సీ చేసిన ఏడాదంతా వార్డులో ప్రతి రోగి వెనకా నలుగురు బంధువులుండేవాళ్ళు. నలుగురూ నాలుగు రకాలుగా అడిగేవాళ్ళు, నాకు నాలుగుసార్లు కోపమొచ్చేది. స్లైడు అలా కాదు. పెట్టినచోట కదలకుండా ఉంటుంది, దగ్గరకొచ్చి చూసినవాళ్ళకు ఉన్నదున్నట్టు చెబుతుంది. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి ల్యాబుకు పోయిన రోజులున్నాయి. అమ్మకు డ్యూటీ అని చెప్పాను.

మావయ్య వరస తయారుచేశాడు. మొదటి గడిలో ఒడిశాలో ఒక కాలేజీలో జనరల్ సర్జరీ. రెండో గడిలో అదే కాలేజీలో గైనకాలజీ. మూడో గడిలో కలకత్తాలో పాథాలజీ. కిందకి మరో నూట పద్దెనిమిది. గడి ఖాళీగా వదిలితే ఇంకెవరో నింపేస్తారని ఆయన భయం.

"మావయ్యా, ఇది కంప్యూటరు. పైనుంచి సూసుకుంటా వొచ్చి, ర్యాంకుకి ఏది అందితే అది ఇచ్చెస్తాది. పాథాలజీ పైన పెట్టెయ్యాల," అన్నాను.

"కంప్యూటరుకి పని నేర్పింది మనిసే కదమ్మా," అన్నాడు ఎంతో ఓపికగా.

ముందటేడు ఆ సర్జరీ సీటు నాకన్నా రెండు వేల ర్యాంకుల ముందే అయిపోయింది. ఎలాగూ రాదు కదా, పెద్దాయన మాట ఎందుకు తీసెయ్యడం అనుకున్నాను. తప్పంతా ఆయనదేనని తర్వాత చాలా రోజులు అన్నాను గానీ సబ్మిట్ నొక్కింది నా వేలే.

ఆ ఏడు ఆ కాలేజీలో సర్జరీ సీట్లు పెరిగాయి. మధ్యాహ్నం రెండింటికి ఫలితం వచ్చింది. నాకు జనరల్ సర్జరీ వచ్చింది.

నాన్న ముప్ఫై ఆరేళ్ళు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. చేత్తో చేసేదే పని, మిగతావన్నీ మాటలు అనుకునే మనిషి. "నా కూతురు కోసి కుడతాది!" అని వీధిలోకి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి న్యూ సెటిల్‌మెంట్‌లో ఉన్న మా పెద్దమ్మ వాళ్ళకు తెలిసింది, మర్నాటికి పూరీ గేట్ దాకా తెలిసింది. జెరాక్స్ షాపు దాదా వచ్చి నాన్న నోట్లో సందేశ్ మిఠాయి పెట్టాడు. ఆదివారం పాస్టరుగారు "సర్జన్ డయానా చేతులను దీవించుము ప్రభువా" అని ప్రార్థన చేశారు. అందరూ నా చేతుల వైపు చూశారు. నేను చేతులు చున్నీ కింద పెట్టుకున్నాను. ఇంటికొచ్చి బాత్రూములో కుళాయి విప్పి ఏడ్చాను.

అక్కడ చేరడానికి గురువారం సాయంత్రం ఐదింటి వరకూ గడువు. చేరితే మూడేళ్ళు సర్జరీ, ఆ తర్వాత బతుకంతా సర్జరీ. సోమవారం పొద్దున్న మావయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన మురమురాలు తింటున్నాడు. నన్ను చూసి తినడం ఆపాడు.

"సూత్రం తప్పనేదమ్మా. సీట్లు పెంచినారు, దాన్తో తిరగబడిపోనాది."

నాకు ఒళ్ళు మండింది. "సూత్రమేటి మావయ్యా? మనం ఏటి రాసినామో కంప్యూటరు అదే ఇచ్చినాది! నానడిగినాను, ఇచ్చెసినాది. ఇంక ఏ మొహం పెట్టుకుని వొద్దంటాను?"

ఆయనతో అలా మాట్లాడినవాళ్ళు మా వీధిలో లేరు. పళ్ళెంలో మిగిలిన మురమురాలు ఒక పక్కకు పోగు చేశాడు.

"వొద్దనడానికి వీలుందా?" అని అడిగాడు చివరికి. ఆయన రెండో సూత్రం, వచ్చిన ఆర్డరు కాదనకూడదని. కాదంటే వంతు పోతుంది. అలాంటి మనిషి నోట ఆ ప్రశ్న విని నేనే తడబడ్డాను.

"మొదటి రౌండులో సేరకపోయినా రెండో రౌండుకి ఎల్లొచ్చంటారు. కానీ అందులో పాథాలజీ రాకపోతే ఏడాది పోతాది."

"అంటారంటే ఎవులంటారు? ఎక్కడ రాసున్నాది?"

రూల్సు పుస్తకం ఆయన ఒక్కసారీ చదవలేదని అప్పుడు నాకు తెలిసింది. న్యాయంగా చెప్పాలంటే నేనూ చదవలేదు. వందకు పైగా పేజీలు దాదా చేత అచ్చు తీయించి ఇచ్చాను. సోమవారం, మంగళవారం ఆయన బయటికి రాలేదు. ఎవరో పాన్ కార్డు ఫారంతో వెళ్తే తలుపు తీయలేదట. నల్లసిరా తెచ్చినా తీయలేదట.

బుధవారం పొద్దున్న పదింటికి మా ఇంటికి వచ్చాడు. సాయంత్రం బండికి నాన్న పాస్ మీద మా ఇద్దరికీ టికెట్లు తీసి ఉంచాడు. అమ్మ నా తెల్లకోట్లు మడతపెట్టి సూట్‌కేసులో సర్దుతోంది. మావయ్య కుర్చీలో కూర్చుని, చీటీలు పెట్టుకున్న పేజీలు తీసి, మొదటి రౌండులో వచ్చిన సీటులో చేరకుండా వదిలేసినా రెండో రౌండులో మళ్ళీ కొత్తగా ఆప్షన్లు పెట్టుకోవచ్చన్న చోట స్కేలు పెట్టి రెండుసార్లు చదివాడు.

నాన్నకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "ఎవులు వదిలెస్తన్నారు?"

"మన డయానా."

"బావా, వొచ్చిన ఆర్డరు కాదనకూడదని ముప్ఫై ఏళ్ళు నువ్వే సెప్పినావు."

"సెప్పినాను."

"ఇప్పుడు కాదనమంటావా?"

"అంటాను."

అని జేబులోంచి మడత కాగితం తీసి నాన్న చేతికిచ్చాడు. అది సంజాయిషీ. రైల్వేలో తప్పు చేసినవాడు పై అధికారికి రాసుకునేది. నల్లసిరాతో, ఎడమవైపు వేలెడు జాగా వదిలి, గుండ్రటి అక్షరాలతో రాశాడు. "శ్రీ తిమోతి గారి సముఖమునకు. విషయం: తమ కుమార్తె ఆప్షన్లు తప్పు వరసలో పెట్టించుట గురించి. అభ్యర్థిని తన కోరిక స్పష్టముగా తెలిపినది. మూడవ గడిలో పెట్టించినది నేను. నిబంధనలు చదవకుండా సలహా ఇచ్చితిని. ఇందులో అభ్యర్థిని తప్పు లేదు." కింద సంతకం, తేదీ.

నాన్న ఆ కాగితం రెండుసార్లు చదివాడు. బావగారి నుంచి సంజాయిషీ అందుకున్నవాడు ఏం చేయాలో ఆయనకు తెలీదు. మడిచి బైబిలు కింద పెట్టాడు. తర్వాత నన్ను అడిగాడు.

"సర్జరీ నీకు నిజంగా వొద్దా?"

"వొద్దు నాన్నా."

"బయమేటి?"

"బయం కాదు. ఇష్టం నేదు. పాథాలజీ ఇష్టం."

"జెనం నవ్వుతారు. సేతిలో కత్తి పెడతానంటే వొద్దని అద్దాలు సూసుకుంటానందంటారు. ముట్టుకోకుండా మనిసిని బాగుసేసీదేటి? నువ్వైనా సెప్పు బావా, అదీ ఒక డాక్టరు పనేనా?"

మావయ్య కాగితాలన్నీ సమంగా సర్ది ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అన్నమ్మకి ఇక్కడ గడ్డ వొచ్చినాది కదా," అని తన ఛాతీ మీద వేలు పెట్టి చూపించాడు. అన్నమ్మత్త ఆయన భార్య, పోయి ఆరేళ్ళయింది. "ముక్క తీసి ల్యాబుకి పంపినారు. వారానికి కాయితం వొచ్చినాది. మామూలు గడ్డ, బయం నేదని రాసున్నాది. దేవుడు మేలు సేసినాడని నాను చర్చిలో లేచి సాక్ష్యం సెప్పినాను, నువ్వూ విన్నావు. అయిదు నెలలకి సంకలో కూడా గట్టిగా తగిలినాది. కలకత్తా తీసికెల్తే అక్కడ మల్లీ ముక్క తీసినారు. కేన్సరన్నారు. దాటిపోనాదన్నారు."

అమ్మ కోట్లు సర్దడం ఆపేసింది.

"మొదటి కాయితం రాసినోలకి కనపడనేదో, అప్పటికింకా రానేదో నాకు తెల్దు. అన్నమ్మని కోసిన డాక్టరు మంచోడు. ఆయన మొకం, పేరు, అన్నీ నాకు తెలుసు. అద్దంలో సూసినోలెవులో తెల్దు. కానీ తిమోతీ, అన్నమ్మ సంగతి తేలిపోనాది అక్కడే. ఆ గదిలోనే."

"కేన్సరని నాకెప్పుడూ సెప్పనేదేటి బావా?"

"సాక్ష్యం సెప్పెసినాను కదా. మల్లీ లేచి అది కాదని ఎలా సెప్పీది?"

అమ్మ సూట్‌కేసులోంచి కోట్లు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది. కాసేపటికి నాన్న చెప్పులేసుకుని టికెట్లు రద్దు చేయడానికి స్టేషన్‌కి బయల్దేరాడు. ఫోనులోనే చేయొచ్చని చెప్పబోయాను గానీ అమ్మ కళ్ళతోనే వద్దంది. మర్నాడు సాయంత్రం ఐదు దాటాక సర్జరీ సీటు నాది కాకుండా పోయింది. నాకు భయం వేసింది. గొప్ప ధైర్యం చేసినట్టేమీ అనిపించలేదు. ఉన్నదాన్ని పోగొట్టుకున్నట్టే ఉంది.

రెండో రౌండు ఆప్షన్లు ఇంట్లోనే పెట్టాను. మావయ్య స్కేలు లేకుండా వచ్చి దూరంగా కూర్చున్నాడు. పద్నాలుగు కాలేజీలు పెట్టాను, పద్నాలుగూ పాథాలజీయే. ఆయన పద్నాలుగో దాని కింద కనిపిస్తున్న ఖాళీ గడులు చూడలేక కాసేపు వరండాలోకి వెళ్ళొచ్చాడు. తర్వాతి రోజుల్లో వీధిలో కొందరు నన్ను చూసి, చేతికొచ్చిన సర్జరీ వదిలేసిన పిల్ల ఇదేనని చెప్పుకున్నారు. నాన్న వాళ్ళతో గొడవ పడలేదు. "గూడ్సు బండి కూడా రైలే," అనేవాడట. ఆ మాట ఎవరికీ అర్థమై ఉండదు.

ఐదో ఆప్షను వచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఒక కాలేజీలో పాథాలజీ, ఖరగ్‌పూర్ నుంచి నేరుగా రైలు కూడా లేదు. చేరిపోయాను. మొదటి నెలంతా ముక్కలు తరగడం, రంగులు వేయడం. ముక్కుకి ఫార్మలిన్ ఘాటు, వేళ్ళకి గులాబీ మరకలు. హాయిగా ఉంది. ఇంతకన్నా ఎలా చెప్పాలో నాకు తెలీదు.

తొమ్మిది నెలలకు సెలవు దొరికి ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున్నే మావయ్య వచ్చాడు. చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా. మూత తీస్తే దూదిలో రెండు స్లైడులున్నాయి. కలకత్తా ఆసుపత్రివాళ్ళు అడిగితే మొదటి ల్యాబు నుంచి తెచ్చినవట. తీరా తీసికెళ్ళాక వీటితో పని లేదని తిరిగిచ్చేశారట. అప్పటినుంచీ బీరువాలో ఉన్నాయి.

"తీసికెల్లి సూడమ్మా. అప్పుడే ఉన్నాదో నేదో సూసి సెప్పు."

"తెలుసుకుని ఏటి సేస్తావు మావయ్యా?"

"ఏటీ సెయ్యను. తెలుసుకుంటాను."

కాలేజీకి వెళ్ళిన రోజే స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టాను. రంగు కాస్త వెలిసింది గానీ కణాలు స్పష్టంగానే ఉన్నాయి. చూశాక లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాను. నా కళ్ళను నమ్మక మా ప్రొఫెసరు మేడమ్‌కి చూపించాను. ఎవరిదో చెప్పలేదు. తేల్చడానికి ఆవిడకు నిమిషం కూడా పట్టలేదు. అబద్ధం చెప్పాలని నాలుగు రోజులు అనుకున్నాను. అప్పటికింకా రాలేదు మావయ్యా అంటే చాలు, పెద్దాయన హాయిగా ఉంటాడు. ఐదో రోజు ఫోను చేశాను.

"ఉన్నాది మావయ్యా. అప్పుడే ఉన్నాది."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాకు ఏడుపొస్తోంది, ఆపుకోలేదు.

"నువ్వే సూసినావా?" అని అడిగాడు.

"నానే సూసినాను. తర్వాత మా మేడమ్ కూడా సూసినారు."

"నీకు ఎంతసేపటికి కనపడినాది?"

"రెండు నిమిషాలు."

"అయితే ఆ కుర్చీలో నువ్వే ఉండాలమ్మా," అన్నాడు. "పోయి పని సూసుకో."